పిడుగు వారింటి ఒట్టు

ఇందులో ఎవరి పేరూ రాయను. నా పేరు రాయను, నా కూతురి పేరు రాయను, దాన్ని స్టేజీ ఎక్కనివ్వకూడదని చూసిన పెద్దమనిషి పేరు అసలే రాయను. భయపడి కాదు. రెండు వేల ఏళ్ల కిందటి ఒక గొప్ప ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పేర్లు ఎవరూ రాసుకోలేదని తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లకు లేని పేర్లు మాకెందుకని ఆ రోజే అనుకున్నాను. ఉన్నది ముగ్గురం, నేనూ, నా కూతురూ, ఆ పెద్దమనిషీ. పేర్లు లేకపోయినా తికమక ఏమీ ఉండదు.

మాది కడప. ఇంగ్లండ్‌లోని ఈ నార్తాంప్టన్ వచ్చి పద్నాలుగేళ్లయింది. సాఫ్ట్‌వేర్‌లో టెస్టర్‌ని, అంటే వేరేవాళ్లు రాసినదాంట్లో తప్పులు వెతికి పెట్టడం నా పని. ఇంట్లోనూ అదే బుద్ధని మా ఆయన అంటుంటాడు. అననీ. నా కూతురు ఇక్కడే పుట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, తిట్టినా తెలుస్తుంది, కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో చెప్పడం, తొమ్మిదేళ్లు ఇలాగే నడిచింది. ఇండియాకు ఫోన్ చేసినప్పుడు మా అమ్మ మాట్లాడుతుంటే ఇది నవ్వుతూ తలాడిస్తుంది. "మూగదాని మాదిరి తలాడిస్తాదేంమే బిడ్డ?" అని మా అమ్మ ఒకసారి అన్నది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఫిబ్రవరిలో బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. వేల్స్‌లో మూడు రోజుల ట్రిప్, కొండలెక్కడం, పడవలు, గుడారంలో పడుకోవడం. నా సంతకం కావాలి. "ప్లీజ్ మమ్, అందరూ వెళ్తున్నారు" అని ఇంగ్లీషులో నా కొంగు పట్టుకుని తిరిగింది. నేను దోసెలకు పిండి రుబ్బుతున్నాను. ఇదే సమయమని నా బుర్రకు తట్టింది.

"పోవచ్చు. కానీ ఒక ఒట్టు వెయ్యాల" అన్నాను.

ఒట్టంటే ఏమిటని అడిగింది. తల మీద చెయ్యి పెట్టి మాటివ్వడమని చెప్పాను. తప్పితే ఏమవుతుందని అడిగింది. "ఎవురి తల మీద పెట్టినావో వాళ్లు పోతారు" అన్నాను.

"వేర్?" అంది. ఎక్కడికి పోతారని.

నాకు నవ్వొచ్చింది. "యాడికీ కాదే, పోవడమంటే చచ్చిపోవడం" అని, గ్రైండర్‌లో ఇంకాసిన్ని నీళ్లు పోశాను. ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా నోటిని నేనే తిట్టుకుంటాను. మా చిన్నప్పుడు రోజుకు పది ఒట్లు పెట్టుకునేవాళ్లం. బలపం ముక్క కోసం ఒట్టు, చింతకాయ కోసం ఒట్టు. సాయంత్రానికి ఒక్కటీ మిగిలేది కాదు.

నా కూతురు చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, స్టూలు లాక్కుని ఎక్కి నా నెత్తిన చెయ్యి పెట్టింది. "ఇంట్లో తెలుగే మాట్లాడతా. ఒట్టు" అంది. నేను సంతకం పెట్టాను.

ట్రిప్ అయింది, తిరిగొచ్చింది, మాట నిలబెట్టుకుంది. నేను ఎగిరి గంతేశాను. వాట్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను. "ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు, చూసి నేర్చుకోండి" అన్నాను. నిజమే, ఇంగ్లీషు ముక్క లేదు. మెల్లగా తెలుసుకున్నదేమిటంటే తెలుగు ముక్క కూడా పెద్దగా లేదు. "అన్నం." "చాలు." "సరే." "ఊఁ." అంతకు ముందు బడి నుంచి రాగానే బ్యాగు విసిరేసి గంటసేపు వాగేది. ఎవరు ఎవరితో కటీఫ్, టీచర్ ఏ రంగు సాక్సు వేసుకొచ్చింది, అన్నీ చెప్పేది. ఇప్పుడు వచ్చి, చెప్పులు విడిచి, పైకి పోయేది. పెద్దదవుతోంది కదా అనుకున్నాను. మూర్ఖత్వానికి మనం ఎన్ని మంచి పేర్లు పెట్టుకుంటామో.

ఒక సాయంత్రం వాన పడుతుంటే గుమ్మంలో నిలబడి "మా, బయటికి రా" అంది. ఏమైందోనని గొడుగు తీసుకుని పరిగెత్తాను. మా ఇంటి ముందు మోకాలెత్తు ఇటుక గోడ ఒకటి ఉంది. దాన్ని దాటితే కౌన్సిల్ వాళ్ల పేవ్‌మెంట్. నా కూతురు గోడ దాటి పేవ్‌మెంట్ మీద నిలబడింది, నన్నూ దాటించింది, అప్పుడు నోరు తెరిచింది. ఇక చూసుకోండి, ఊపిరి తీసుకోకుండా ఇంగ్లీషు! ఇంట్లో తెలుగే అని కదా ఒట్టు. గోడ దాటితే ఇల్లు కాదు. ఓసి దీని తెలివి మండిపోనూ అనుకున్నాను. కోపం రాలేదు, కొంచెం గర్వంగానే అనిపించింది. ఆ రోజు నుంచి ఏదైనా చెప్పాలంటే నన్ను గోడ బయటికి పిలిచేది. ఎదురింటావిడ కర్టెన్ తొలగించి చూసేది. చూడనీ.

కార్తేజ్ గురించి మొదట విన్నదీ ఆ పేవ్‌మెంట్ మీదే. శనివారాలు మా వాళ్ల పిల్లలకు ఒక చర్చి హాల్లో తెలుగు క్లాసు జరుగుతుంది. ఆ ఏడాది వార్షికోత్సవానికి పిల్లలంతా వీరుల మీద మూడేసి నిమిషాలు ఏకపాత్రాభినయం చెయ్యాలన్నారు. మిగతా పిల్లలకు గదలూ, కిరీటాలూ ఆర్డర్లు పెట్టేశారు. నా కూతురు బడి లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చింది. గోడ బయట నిలబడి, తను బార్కా వాళ్ల కథ చేస్తానంది.

"బార్కా ఎవురే?" అన్నాను.

ఆఫ్రికా ఒడ్డున కార్తేజ్ అనే పాత ఊళ్లో, రోమన్లను గడగడలాడించిన ఇల్లట. తండ్రి సేనాని, అల్లుడు సేనాని, ముగ్గురు కొడుకులూ సేనానులు. ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటినవాడు ఆ ఇంటి పెద్ద కొడుకేనట. బార్కా అంటే వాళ్ల భాషలో మెరుపు, పిడుగు. మన ఇంటిపేరు లాంటిది కాదట, ముందు తండ్రికి బిరుదుగా వచ్చి ఇంటికంతా అంటుకుందట.

"పిడుగా!" అన్నాను. నా కూతుర్ని పుట్టినప్పటి నుంచీ నేను పిలిచేది అలాగే. చిచ్చరపిడుగా అని. అది నడుము మీద చెయ్యి పెట్టుకుని, అందుకే కదా నేను చేసేది అన్నట్టు చూసింది.

కథ ఇద్దరం కలిసి రాశాం. అది పేవ్‌మెంట్ మీద ఇంగ్లీషులో చెప్పేది, నేను లోపలికొచ్చి మా కడప తెలుగులో రాసేదాన్ని. తండ్రి స్పెయిన్‌కు సైన్యంతో బయలుదేరుతుంటే తొమ్మిదేళ్ల కొడుకు నేనూ వస్తానని మారాం చేశాడు. తీసుకుపోతాను, అయితే ఒట్టు వెయ్యమన్నాడు తండ్రి. బలిపీఠం దగ్గరికి తీసుకుపోయి, జన్మలో రోమన్లతో స్నేహం చెయ్యనని చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాడు. వాడు ముసలివాడై విషం తాగి చచ్చేదాకా ఆ ఒట్టు మీదే బతికాడు. తమ్ముళ్లిద్దరూ రోమన్లతో యుద్ధంలోనే పోయారు. ఒకడి తలకాయ నరికి అన్న శిబిరం ముందు పడేశారు రోమన్లు. తర్వాత ఆ ఊరినే తగలబెట్టారు. ఆ ఇంటి గురించి ఇప్పుడు మనకు తెలిసిందంతా శత్రువులూ పరాయివాళ్లూ రాసిపెట్టుకున్నదే.

"హి వాజ్ నైన్, మమ్" అంది నా కూతురు. "వాడు ట్రిప్‌కు పోవాలనుకున్నాడు, అంతే."

అని నా ముఖంలోకి చూసింది. నేను గొడుగు సర్దుకున్నాను. టెస్టర్‌ని నేను, ఎదురుగా నిలబడ్డ తప్పు కనబడలేదు. కనబడలేదని ఇప్పుడంటున్నాను కానీ, కనబడనట్టు చేశానేమో.

వాళ్లకు అక్కలున్నారా అని తర్వాత అడిగింది. ఉన్నారు, కనీసం ముగ్గురు. యుద్ధంలో తన పక్షానికి వచ్చినందుకు ఒక కూతుర్ని పొరుగు రాకుమారుడికి ఇస్తానన్నాడు తండ్రి. ఇంకొకామె ఆ సేనాని అల్లుడి భార్య. పేర్లు? రెండు వారాలు వెతికాను. అల్లుడి పేరుంది, రాకుమారుడి పేరుంది, యుద్ధంలో పనికొచ్చిన ఒక ఏనుగు పేరు కూడా ఉందంటారు. ఏనుగుకు పేరుంది, ఆడపిల్లకు లేదు! ఆ రోజే నాకు ఒళ్లు మండింది. నా కూతురు మాత్రం, అయితే నేను అక్కను చేస్తానంది.

ఇక ఆ పెద్దమనిషి. క్లాసు కమిటీకి అధ్యక్షుడు, కోస్తా వైపు ఆయన, ముప్పై ఏళ్ల కిందట వచ్చారు. పిల్లలూ అంకుల్ అంటారు, మేమూ అంకుల్ అంటాం. మేం రాసిచ్చిన కాగితాలు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఇదేంటమ్మా? మనవాళ్లే దొరకలేదా? ఎక్కడో ఆఫ్రికా వాళ్లెందుకండీ మనకి? పైగా ఓడిపోయినోళ్లు."

"ఓడిపోయినోళ్ల గురించి చెప్పకూడదా అంకుల్?"

"చెప్పకూడదని కాదు, పిల్లలకి స్ఫూర్తి ఉండాలి కదా. ఇంకోటి, ఏమీ అనుకోకండి. ఈ 'చెప్తాండా', 'పోతాండా' ఏంటండీ? స్టేజీ మీద కాస్త మంచి తెలుగు ఉండాలి."

నా కూతురు నా పక్కనే ఉంది. ఆ మాట వింటూ ఉంది. తగ్గమని ఒక బుద్ధి చెప్పింది, ఇంకో బుద్ధి గెలిచింది.

"మంచి తెలుగంటే మీ ఊరి తెలుగా అంకుల్? మా అమ్మ ఈ తెలుగులోనే నన్ను తిట్టింది, ఈ తెలుగులోనే ముద్దు చేసింది. ఇది మంచిది కాదని మీకనిపిస్తే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. నోటీసు బోర్డులో పెడదాం. కడప, అనంతపురం వాళ్ల పిల్లలు వచ్చే శనివారం నుంచి రారు, మీకూ శ్రమ తగ్గుతుంది."

హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఆగిపోయారు. ఆయన ముఖం ఎర్రబడింది. "అబ్బే, అంత కోపమెందుకమ్మా" అని గొంతు తగ్గించారు. "పోనీ ఒక పని చెయ్యండి. ఆ ఏనుగులవాణ్ణి చేయించండి. ఆల్ప్స్ దాటే దగ్గర ఆపేయండి. చప్పట్లు బాగా పడతాయి."

నేను నా కూతురి వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది. "అక్క" అంది. హాలు ఇల్లు కాదు, ఇంగ్లీషులో చెప్పొచ్చు. అయినా తెలుగులోనే అంది.

"అక్కే అంకుల్" అన్నాను నేను. "లేకపోతే మేము లేము."

ఆయన కాగితాల మీద ఏదో గీసి, మమ్మల్ని భోజనాల తర్వాత పెట్టారు. భోజనాల తర్వాతంటే ఏమిటో అందరికీ తెలుసు. పులిహోర డబ్బాల్లో సర్దుకుని సగం మంది కార్లెక్కేసి ఉంటారు. పెట్టుకో నాయనా, ఎక్కడ పెట్టినా ఎక్కుతాం అనుకున్నాను. ఆ వారమంతా నన్ను నేనే మెచ్చుకుంటూ తిరిగాను. నా బిడ్డ మాట కోసం అంత పెద్దాయనను ఎదిరించానని.

తర్వాతి ఆదివారం మా వంటింట్లో రిహార్సల్. అక్క తలుపు చాటు నుంచి తమ్ముడి ఒట్టు చూస్తున్న చోటికి వచ్చింది. "మా తమ్ముడు చెయ్యి పెట్టినాడు" అంది, ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. నేను దగ్గరికి పోయేలోపు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగు. నేనూ వెనకాలే పరిగెత్తాను. గోడ దాటాక గానీ ఏడుపు గొంతు దాటి రాలేదు. ఏడవడానికి కూడా ఇంటి బయటికి పోవాల్సి వచ్చింది నా బిడ్డకు.

ఎక్కిళ్ల మధ్య ఇంగ్లీషులో చెప్పింది. మార్చిలో ఒకరోజు ఓవెన్‌లోని ట్రే తగిలి చెయ్యి కాలితే వంటింట్లో "అవుచ్, దట్స్ హాట్" అనేసిందట. తెలుగులో ఏమనాలో తట్టలేదట. మరుసటి రోజు నాకు జ్వరం వచ్చింది. నిజమే, వచ్చింది. ఫ్లూ, వారం పట్టింది. జీపీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ క్లినిక్‌లో నా చేతిని వదలకుండా పట్టుకుని కూర్చుంది. అమ్మంటే ఎంత ప్రేమో అని అక్కడి రిసెప్షనిస్టు కూడా అంది. నేను మురిసిపోయాను.

"నేనే చేశాననుకున్నా" అంది. "అప్పటి నుంచి తప్పు మాట వస్తుందేమోనని ఇంట్లో ఏమీ మాట్లాడటంలేదు. నువ్వు చచ్చిపోతావని."

గోడ మీద కూలబడ్డాను. నాలుగు నెలలు! నాలుగు నెలలు నా బిడ్డ నా ప్రాణాన్ని నోట్లో పెట్టుకుని తిరిగింది. నేనేమో తెలుగు వస్తోందని ఊరంతా చాటుకున్నాను. అంకుల్ మీద కేకలేసింది నేనే, ఇంట్లో దీని నోరు నొక్కింది నేనే. థూ, నా బతుకు అనిపించింది.

"అది ఉత్తుత్తదే బంగారూ" అన్నాను. "ఎవురూ చచ్చిపోరు. ఒట్టు పెట్టుకుంటాం, మళ్లా తీసేస్తాం."

ఏడుపు ఆగిపోయింది. "తీసేయొచ్చా?"

"తీసేయొచ్చు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అనాల. అంతే, పోతాది."

మా చిన్నప్పుడు ఒట్టు ఎంత ముఖ్యమో ఈ మాటా అంతే ముఖ్యం. ఆటల్లోనే రెండూ కలిసి వచ్చాయి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వేసే మాట నేర్పి తీసే మాట నేర్పలేదు నేను. సగం సరుకు తెచ్చి ఇదే తెలుగు పొమ్మన్నాను.

గట్టంటే ఏమిటని అడిగింది. చేను పక్కన, కాలువ పక్కన మట్టి ఎత్తుగా పోస్తారు చూడు, అదని చెప్పాను. మనకు లేదు కదా అంది. నేను కూర్చున్న ఇటుక గోడను చేత్తో తట్టాను. "ఇదే మన గట్టు."

అది నా నెత్తిన రెండు చేతులూ పెట్టింది. నిండు గిన్నె దించినట్టు జాగ్రత్తగా ఎత్తి, గోడ మీద పెట్టింది. ఒక క్షణం చూసింది. అప్పుడు కోపం వచ్చింది దానికి, ఎంత కోపమనుకున్నారు!

"ఇది నీకు ముందే తెలుసా? అన్ని రోజులూ తెలుసా? నాకెందుకు చెప్పలేదు?" అని రెండు పిడికిళ్లతో నా భుజం మీద గుద్దింది. నేను కదల్లేదు. గుద్దించుకోవలసినదాన్నే. కాసేపటికి అలసిపోయి నా పక్కన కూర్చుంది. "వాళ్ల నాన్నకు తెలియదా?" అని అడిగింది. కార్తేజ్ ఆయన గురించి.

"తెలియదేమో" అన్నాను. "తెలిసినా చెప్పలేదేమో."

ఆ రాత్రే చివరి పేజీ కొట్టేసి తనే కొత్తది రాసుకుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నాకు చూపించలేదు.

వార్షికోత్సవం రోజు అనుకున్నట్టే సగం కుర్చీలు ఖాళీ. వెనక ఎవరో గరిటెలు కడుగుతున్నారు. నా కూతురు కిరీటం లేకుండా, కత్తి లేకుండా, నా పాత చున్నీ ఒకటి కప్పుకుని వచ్చింది. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసుకుంది, తమ్ముడి కోసం.

"నాకు పేరు లేదు. ఎవురూ రాసుకోలా. పేరు లేకపోతే ఏమి, నోరుంది" అని మొదలుపెట్టింది. త పలకమంటే ట పలికే నోరు. కానీ మాట మా అమ్మది. గరిటెల చప్పుడు ఆగింది. "నాయన నన్ను ఒట్టు వెయ్యమనలా. ఆడపిల్లను కదా. మా తమ్మున్ని అడిగినాడు. వానికి తొమ్మిదేండ్లు. వాడు నాయనతో పోవాలనుకున్నాడు, అంతే. ఎవురితోనూ కొట్లాడాలనుకోలా."

తర్వాత యుద్ధం, ఏనుగులు, మంచు, తలకాయ, అన్నీ చెప్పింది. చెప్పి, ఆ ఖాళీ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇదే నేను చూడని పేజీ.

"తమ్ముడూ, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నాయన చచ్చిపోడు. అక్కను, నేను చెప్తాండా."

ముందు వరుసలో, మనవళ్లను చూసిపోను వచ్చిన ఒక అవ్వ "అంతేనమ్మా తల్లీ, అంతే" అని పైకే అనేసింది. నాకు ఏడుపు ఆగలేదు. చున్నీ దాని దగ్గరుంది, చేత్తోనే తుడుచుకున్నాను.

అంకుల్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చారు. పిల్ల పేరు రాశారు, పాత్ర పేరు దగ్గర ఆగారు. "ఏం రాయమంటావు తల్లీ?"

"లేదు కదా అంకుల్."

"ఏదో ఒకటి రాయాలి కదమ్మా."

"వద్దు" అంది నా కూతురు. ఆయన అక్కడ ఖాళీగానే వదిలి సంతకం పెట్టారు.

ఇంటికి తిరిగొస్తూ దారంతా ఇంగ్లీషే మాట్లాడింది. ఇంటి ముందు కారు దిగి, గోడ దాటి, గుమ్మం దాటి, వంటింట్లో నిలబడి కూడా ఇంగ్లీషే. నాలుగు నెలల కబుర్లు. నేను పొయ్యి వెలిగించకుండా కూర్చుని విన్నాను. వింటూనే లోపల ఒక భయం. ఉన్న ఆ నాలుగు ముక్కల తెలుగు కూడా గోడ మీదే ఉండిపోయిందా? ఆగలేక నోరు జారాను. "అవ్వతో అయినా తెలుగులో మాట్లాడతావు కదా? నా మీద ఒ..."

పూర్తి కాకముందే లేచి వచ్చి నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. చిన్న చెయ్యి, పులిహోర వాసన. నా కళ్లలోకి సూటిగా చూసి, ఎవరూ అడగకుండా, ఇంట్లో, తెలుగులో అంది.

"ఒట్టు పెట్టొద్దు మా. అడుగు. అడిగితే మాట్లాడతా కదా."